వెనుక సీటు నుంచి కొమీనో: మాల్టాలో జెట్ స్కీ టూరు, నా అనుభవం

జెట్ స్కీ (నీళ్ల మీద నడిపే బైకు లాంటి బండి) టూర్ల గురించి బయలుదేరే ముందు నేను వెతికి చదివినవన్నీ హ్యాండిల్ పట్టుకున్నవాళ్లు రాసినవే. వేగం గురించి, మలుపుల గురించి, నీళ్ల రంగు గురించి బోలెడు రాశారు. వెనుక కూర్చున్న మనిషి దేన్ని పట్టుకోవాలి, ఈత రాకపోతే రానిస్తారా, డబ్బు ఎక్కడెక్కడ అడుగుతారు అన్నవి మాత్రం ఎక్కడా దొరకలేదు. నేను వెనుక కూర్చున్న మనిషిని. నాకు ఈత రాదు. పుట్టి పెరిగింది అనంతపురంలో. కాలేజీవాళ్లు విశాఖ తీసుకెళ్లినప్పుడు తొలిసారి సముద్రం చూశాను, మోకాలి లోతు దాటి దిగలేదు. అలాంటిదాన్ని 2024 సెప్టెంబరులో, మధ్యధరా సముద్రంలోని ద్వీప దేశం మాల్టాలో, ప్రధాన ద్వీపం నుంచి పక్కనున్న కొమీనో ద్వీపం దాకా జెట్ స్కీ మీద వెళ్లి వచ్చాను. వివరాలు ఇంకా చెదరకముందే, జరిగిన వరుసలో రాస్తున్నాను.

మేము జర్మనీలోని మ్యూనిక్‌లో ఉంటున్నాం. మాల్టా ఎంచుకోవడానికి పెద్ద కారణాలేమీ లేవు. విమానం రెండున్నర గంటల లోపే, అక్కడ ఇంగ్లీషు కూడా అధికార భాషే, వాడేది యూరోలే. జెట్ స్కీ మావారి కోరిక. ఆగస్టు 20న బుక్ చేశాం. అక్కడ రెండు రకాలు ఉంటాయి. బోయాలు (నీళ్ల మీద తేలే గుర్తులు) కట్టి హద్దు పెట్టిన చోట పావుగంట సేపు గుండ్రంగా తిరగడం ఒకటి. గైడు వెంట తీరం వదిలి పక్క ద్వీపం దాకా వెళ్లి వచ్చే రెండు గంటల టూరు ఇంకొకటి. మేము రెండోది తీసుకున్నాం. ధర 190 యూరోలు. అది మనిషికి కాదు, బండికి. ఒక బండి మీద ఇద్దరు వెళ్లవచ్చు. కొన్నిచోట్ల మనిషికింత అని రాసి తక్కువ ధరలా చూపిస్తారు, బుక్ చేసేముందు ఇది తప్పకుండా చూసుకోండి.

బుకింగు ఫారంలో వయసు, బరువు, నడుము నొప్పి ఉందా, గర్భంతో ఉన్నారా, ఈత వచ్చా అని వరుసగా ప్రశ్నలు. ఈత దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 'వచ్చు అని పెట్టెయ్, లైఫ్ జాకెట్ ఇస్తారు కదా' అన్నారు మావారు. నేను ఒప్పుకోలేదు. రాదనే రాశాను. మర్నాడు జవాబు వచ్చింది: వెనుక కూర్చోవడానికి అభ్యంతరం లేదు, కానీ ఆ సంగతి గైడుకు నేనే స్వయంగా చెప్పాలి. ఆ ఒక్క మాట రాసినందుకు తరువాత నాకు జరిగిన మేలు అంతా ఇంతా కాదు, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

మా ప్రయాణ బీమా పత్రం కూడా అప్పుడే తీసి చదివాం. ఇంజనుతో నడిచే జలక్రీడలు అందులో చేరవని చిన్న అక్షరాల్లో ఉంది. 18 యూరోలు అదనంగా కట్టి చేర్పించుకున్నాం. ఏటా కట్టే బీమాయే కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఒకసారి ఆ పేజీ చూడండి.

సెప్టెంబర్ 7న వినాయక చవితి. పూజ చేసుకుని, మిగిలిన ఉండ్రాళ్లు డబ్బాలో పెట్టుకుని, మర్నాడు విమానం ఎక్కాం. మేము దిగింది ద్వీపానికి ఉత్తరాన ఉన్న మెల్లీహాలో. ఆ ఊరి చర్చి పండుగ సరిగ్గా సెప్టెంబర్ 8నే. బ్యాండు మేళాలు, వీధి పొడవునా దీపాలు, రాత్రి బాణసంచా. ఊరంతా రోడ్డు మీదే ఉంది. విమానాశ్రయం నుంచి బస్సు నేరుగానే వస్తుంది, టికెట్టు అప్పుడు రెండున్నర యూరోలు, కానీ పండుగ జనం వల్ల చివరి కిలోమీటరు సూట్‌కేసులు లాక్కుంటూ నడిచాం. జెట్ స్కీ మర్నాడు పొద్దున పది గంటలకు. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. బాణసంచా చప్పుడు వల్ల అని మావారితో అన్నాను.

తొమ్మిదో తేదీ ఉదయం ఏడు దాటగానే ఫోనుకు సందేశం వచ్చింది: గాలి ఎక్కువగా ఉంది, ఈరోజు టూరు లేదు, రేపటికి మారుస్తాం. నాకు ప్రాణం లేచి వచ్చింది. మావారికి మాత్రం నమ్మకం కుదరలేదు. బాల్కనీలోంచి చూస్తే కింద అదీరా ఖాతంలో నీళ్లు కదలకుండా ఉన్నాయి, పిల్లలు ఆడుకుంటున్నారు. తక్కువమంది బుక్ చేసుకున్నారేమో, అందుకే రద్దు చేసి గాలి మీదకు నెట్టేస్తున్నారని ఆయన అనుమానం.

సరే, రోజు వృథా చేసుకోవడమెందుకని చిర్కెవ్వా రేవు నుంచి గోజో ద్వీపానికి ఫెర్రీ ఎక్కాం. వెళ్లేటప్పుడు ఎవరూ డబ్బు అడగరు, తిరిగి వచ్చేటప్పుడు గోజో వైపు తీసుకుంటారు, మేము వెళ్లినప్పుడు 4.65 యూరోలు. టికెట్టు కౌంటరు కోసం అటూ ఇటూ తిరిగే కొత్తవాళ్లలో మేమూ ఉన్నాం. పడవ పై అంతస్తుకు ఎక్కాక అనుమానం తీరింది. రేవు దాటిన రెండు నిమిషాలకే సముద్రం అంతా తెల్లగా నురగలు కక్కుతోంది. అంత పెద్ద ఫెర్రీ కూడా ఊగుతోంది. కొమీనో పడమటి వైపు బ్లూ లగూన్ అనే నీలి నీళ్ల మడుగు ముందు పడవలు కిందికీ పైకీ లేస్తున్నాయి. వాయవ్యం నుంచి వీచే ఈ గాలిని అక్కడివాళ్లు మజ్జిస్ట్రాల్ అంటారు. మేము చూసిన ఖాతం ఈశాన్యానికి తెరుచుకుని ఉంటుంది, వెనుక కొండ అడ్డు ఉంది, అందుకే ఒడ్డున ఏమీ తెలియలేదు. మలుపు తిరిగితే కథ వేరు. మావారు రెయిలింగు పట్టుకుని చాలాసేపు అటే చూశారు. 'మంచి పని చేశారు' అన్నారు చివరికి.

పదో తేదీనా రద్దే. ఈసారి సందేశంతోపాటు రెండు దారులు ఇచ్చారు: మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవడం, లేదా పన్నెండో తేదీ మొదటి బృందంలో, తొమ్మిది గంటలకు వెళ్లడం. మాకు తిరుగు ప్రయాణం పద్నాలుగున. పన్నెండు అన్నాం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అదే పదో తేదీన అదే ఒడ్డున ఇంకొకరు బండ్లు తీసి జనాన్ని ఎక్కించుకుని వెళ్లారు. పక్కవాళ్లు డబ్బు చేసుకుంటుంటే చూస్తూ కూడా మాకు లేదు అని చెప్పగలిగినవాళ్ల చేతిలో నా ప్రాణం పెట్టడానికి నాకు అభ్యంతరం లేదనిపించింది. బుక్ చేసేముందు ధర కంటే ముందు అడగవలసింది ఇదే: గాలి ఎంతకు మించితే ఆపేస్తారు, ఆపితే పూర్తి డబ్బు ఇస్తారా? సూటిగా జవాబు చెప్పని చోట బుక్ చేయకండి. వీలైతే టూరును సెలవు మొదటి రోజుల్లోనే పెట్టుకోండి, వాయిదా పడటానికి చోటు ఉంటుంది. చివరి రోజుకు పెట్టుకుంటే ఇంతే సంగతులు.

పన్నెండో తేదీ గురువారం. ఎనిమిదిన్నరకు రమ్మన్నారు, మేము ముందే చేరాం. ఒడ్డున గొడుగుల వరుస చివర ఒక చెక్క గది, ముందు బల్ల. బల్ల దగ్గర ఉన్నది మలయాళీ అబ్బాయి. నా పాస్‌పోర్టు చూడగానే ముఖం విప్పారింది, 'చేచీ' అని పిలిచాడు. వాళ్ల భాషలో అక్కా అని. నడిపేవాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండాయా అని పాస్‌పోర్టు చూస్తారు. మా దగ్గర లైసెన్సు అడగలేదు, గైడు వెనుకే వెళ్లాలి, ఆయన్ను దాటకూడదు అని సంతకం పెట్టించుకున్నారు. ఫారాలు రెండు రకాలు ఉన్నాయి, నడిపేవారిది ఒకటి, వెనుక కూర్చునేవారిది ఒకటి. ఆ అబ్బాయి నాకు రెండోది ఇవ్వబోయి ఆగాడు. 'చేచీ, మీరు కొంచెం సేపైనా నడపాలనుకుంటే ఇప్పుడే చెప్పండి. సముద్రం మధ్యలో అడిగితే గైడు ఒప్పుకోడు, పేరు లేనివాళ్లు నడిపితే బీమా వర్తించదు' అన్నాడు. రెండో డ్రైవరుకు 20 యూరోలు. ఈ సంగతి బుకింగులో ఎక్కడా లేదు. మావారు నా వైపు చూశారు. 'రాయండి' అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. హ్యాండిల్ ముట్టుకునే ఉద్దేశం అప్పటికి లేదు. పేరుంటే ఉంటుంది కదా అనిపించింది, అంతే.

తరువాత డిపాజిట్. కార్డు మీద 300 యూరోలు పట్టి ఉంచుతారు. బండికి గీత పడితే అందులోంచి తీసుకుంటారు. డెబిట్ కార్డు తీసుకోరు, క్రెడిట్ కార్డు కావాలి. మా వెనుక ఉన్న ఒక జంట దగ్గర అది లేక, నగదు కోసం ఏటీఎంకు పరుగెత్తారు. వాళ్ల కోసం అందరం ఆగాం. బయలుదేరేసరికి తొమ్మిదిన్నర అయింది. ఎక్కేముందే బండి చుట్టూ తిరిగి మావారు వీడియో తీశారు. ఉన్న గీతలు ఉన్నట్టు కనబడాలని ఆ అబ్బాయే తీయమన్నాడు. సామాన్లకు లాకరు 5 యూరోలు.

లాకరులో ఏమేం పెట్టామో కూడా రాస్తాను, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం. ఉంగరాలు తీసేయమన్నారు, నీళ్లలో నానిన వేళ్ల నుంచి ఇట్టే జారిపోతాయట. చెవులకు ఉన్నవి తీశాను. నల్లపూసలు తీయడానికి మనసు ఒప్పలేదు. గైడు వచ్చి చూసి, జాకెట్ బకిలుకు చిక్కుకుంటే మెడకు ప్రమాదం అన్నాడు. ఆ మాటతో తీసి చిన్న పర్సులో పెట్టాను. జడను ముడి వేసి లోపలికి దోపుకోవాలి. ఇంజను అడుగు నుంచి నీటిని పీల్చుకునే చోట పొడవాటి జుట్టు గానీ వేలాడే తాడు గానీ పడితే లోపలికి లాగేస్తుంది. అందుకే నీళ్లలోంచి బండి ఎక్కేటప్పుడు ఇంజను ఆపి ఉండాలి, ఇందులో మినహాయింపు లేదు.

ఇంకొకటి, నేను ముందెక్కడా వినని విషయం. గైడు నాకు నీటి ఆటలకు వాడే మందపాటి రబ్బరు నిక్కరు ఇచ్చి నా లెగ్గింగ్స్ మీద వేసుకోమన్నాడు. చలికనుకున్నాను. నీళ్లు ఇరవై ఆరు డిగ్రీలున్నాయి, చలెక్కడిది? ఆయన ఏ మొహమాటం లేకుండా చెప్పాడు. బండి వెనుక నుంచి చిమ్మే నీటి ధారకు చాలా బలం ఉంటుంది. వెనుక కూర్చున్నవాళ్లు వెనక్కి పడితే ఆ ధార శరీరంలోపలికి చొచ్చుకుపోయి తీవ్రమైన గాయాలు చేయగలదు, మామూలు ఈత దుస్తులు దాన్ని ఆపలేవు. బండి మీద అంటించిన హెచ్చరికలో కూడా ఇదే ఉంది, చూపించాడు. ఆ హెచ్చరిక చదివాక నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఇంత ముఖ్యమైన మాట వెనుక కూర్చునేవాళ్లకు ఎవరూ ఎందుకు చెప్పరు? మీరు వెళ్లే చోట అలాంటి నిక్కరు ఇవ్వకపోతే అడగండి. సిగ్గుపడవలసిన విషయం కాదు.

అప్పుడు ఆయనకు నాకు ఈత రాదని చెప్పాను. తల ఊపాడు. మిగతావాళ్లను ఆగమని చెప్పి నన్ను ఒడ్డు పక్కనే నీళ్లలోకి తీసుకెళ్లాడు. నడుము లోతు వచ్చాక లైఫ్ జాకెట్ పట్టీలు ఒక్కొక్కటే బిగించాడు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాడు. జాకెట్ గడ్డం దాకా లేస్తే వదులుగా ఉన్నట్టు. మళ్లీ బిగించాడు, ఊపిరి కష్టంగా ఆడేంతగా. 'ఇప్పుడు మోకాళ్లు మడిచి వెనక్కి వాలండి' అన్నాడు. నా చేతులు ఆయన మోచేతిని వదల్లేదు. ఆయన లాక్కోలేదు, అలాగే నిలబడ్డాడు. ఒడ్డున అందరూ చూస్తున్నారు. గుండె దిటవు చేసుకుని కాళ్లు ఎత్తాను. చెవుల్లోకి నీళ్లు వచ్చాయి, లోకం చప్పుడంతా ఒక్కసారిగా ఆగిపోయింది, ఆకాశం కనబడింది. మునగలేదు. జాకెట్ నన్ను పట్టుకుంది. ఊపిరి గట్టిగా తీసి వదిలాను, అప్పుడూ మునగలేదు. తరువాత ముఖం కిందకు పెట్టి, నా అంతట నేను వెల్లకిలా తిరగడం ఎలాగో చేయించాడు. మొదట నోటినిండా ఉప్పునీళ్లు మింగాను, మళ్లీ చేసేసరికి తిరగగలిగాను. అంతా కలిపి పదినిమిషాలై ఉంటుంది. ఆ రోజు మేము కట్టిన డబ్బులో సగం ఆ పదినిమిషాలకే చెల్లిపోయిందని నా లెక్క.

అందరికీ కలిపి చెప్పిన పాఠం పావుగంట. ఎర్ర తాడు ఒక కొస బండికి, ఒక కొస నడిపేవాళ్ల జాకెట్‌కు. పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. కుడి చేతి దగ్గర యాక్సిలరేటర్, ఎడమ చేతి మీట బ్రేకుకూ వెనక్కి వెళ్లడానికీ. గైడు పిడికిలి పైకెత్తితే ఆగాలి, అరచేయి కిందికి ఊపితే వేగం తగ్గించాలి. ముందు బండికి యాభై మీటర్ల దూరం.

ఆయన అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఒకటుంది. జెట్ స్కీకి చుక్కాని ఉండదు. అడుగు నుంచి పీల్చిన నీటిని వెనుక గొట్టం చిమ్ముతుంది. హ్యాండిల్ తిప్పితే ఆ గొట్టం తిరిగి, దాని వల్ల బండి తిరుగుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే ధార ఆగిపోతుంది, ఇక హ్యాండిల్ ఎటు తిప్పినా బండి సరిగ్గా మాట వినదు, వెళుతున్న వైపే జారుకుంటూ పోతుంది. రోడ్డు మీద బైకు నడిపి అలవాటైనవాళ్లు ఎదురుగా ఏదైనా కనబడగానే చేయి వదిలేస్తారు, గుద్దుకునేది అక్కడేనని చెప్పాడు. కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూనే పక్కకు తిప్పాలి. అందరి చేతా ఆ మాట పైకి చెప్పించాడు.

ఎక్కడం ఒక పెద్ద పని. ముందు మావారు ఎక్కారు, నేను వెనుక మెట్టు మీద మోకాలు పెట్టి పైకి లాక్కున్నాను. బండి పక్కకు ఒరిగింది, ఇద్దరం గబుక్కున సర్దుకున్నాం. సీటు వెనుక పట్టీ ఒకటి, పక్కల పిడులు ఉంటాయి. ముందు మనిషి నడుం పట్టుకోవడం కంటే వాళ్ల జాకెట్ పక్క పట్టీలు పట్టుకోవడం మేలు. చేతులు పట్టు తప్పవు, వాళ్లకూ ఊపిరాడుతుంది. ఇంజను హోరులో మాట వినబడదు కనుక ముందే ఒప్పందం చేసుకున్నాం: భుజం మీద ఒకసారి తడితే నెమ్మదిగా, రెండుసార్లు తడితే ఆపు.

ఖాతంలో ఈదేవాళ్లను దాటేదాకా బోయాల మధ్య సందులో నెమ్మదిగా వెళ్లాలి. ఆ నెమ్మదిలోనే బండి ఎక్కువ ఊగుతుందని నేను అనుకోలేదు. వేగం అందుకున్నాకే నిలకడగా ఉంది. గైడు ముందు, వెనుక నాలుగు బండ్లు, మాది రెండోది. ఈత రానివాళ్లున్న బండి తన కంటికి దగ్గరగా ఉండాలని అలా పెట్టాడు.

ఖాతం దాటి అహ్రాష్ మొన చుట్టూ తిరిగాక అసలు సముద్రం. చెప్పడానికి మాటలు వెతుక్కోవాలి. ప్రతి అలకూ బండి ఎగిరి దబ్బున పడుతుంది, ముందు కూర్చున్నవారికి అల కనబడుతుంది, సిద్ధపడతారు. వెనుక ఉన్నవారికి కనబడదు. వెన్నుపూస మీద నేరుగా దెబ్బ. కాసేపటికి కిటుకు పట్టుబడింది. పాదాలు అదిమిపట్టి సీటు మీద నుంచి అంగుళం లేచి ఉంటే దెబ్బను తొడలు తీసుకుంటాయి. మావారి భుజం పక్క నుంచి తొంగి చూస్తూ అలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కళ్లలో ఉప్పునీళ్లు సూదుల్లా కొట్టాయి. మామూలు చలువ అద్దాలు పనికిరావు, వెనుక తాడు కట్టినవి కావాలి. నాకు అవి లేవు, సగం దారి ఒక కన్ను మూసుకునే వెళ్లాను.

మధ్యలో ఒకసారి అందరం ఆగాం. చివరి బండి వేగం అందుకోవడం లేదు. ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. గైడు దాని ఇంజను ఆపించి, నీళ్లలోకి దిగి, అడుగున చేయి పెట్టి గుప్పెడు గోధుమరంగు ఆకులు లాగాడు. పొసిడోనియా అనే సముద్రపు గడ్డి. నీటి అడుగున నల్లమచ్చల్లా కనబడేవి రాళ్లు కావని, ఆ గడ్డి మైదానాలని అప్పుడు చెప్పాడు. తేలే ఆకులు కనబడితే చుట్టూ తిరిగి వెళ్లాలి. మేము ఆగి ఉన్న ఆ పది నిమిషాలు నాకు టూరు మొత్తంలో కష్టమైనవి. కదలని బండి అలల మీద అటూ ఇటూ ఒరుగుతుంటే కడుపులో తిప్పింది. పొద్దున్న రెండు బ్రెడ్డు ముక్కలు మాత్రమే తిన్నాను కనుక సరిపోయింది.

కొమీనో చాలా చిన్నది, మూడున్నర చదరపు కిలోమీటర్లు. ఈశాన్య మూలన శాంతా మరీజా గుహల దగ్గర ఇంజన్లు దాదాపు ఆపేసి ఒక్కొక్క బండే గుహ నోటి దాకా వెళ్లాం. సున్నపురాయి పైకప్పు, కింద నీళ్లలోంచి వెలుగు వస్తోంది. లోపల ఈదేవాళ్లు ఉండటంతో గైడు ఎవరినీ లోనికి పోనివ్వలేదు. ఒకాయన విసుక్కున్నాడు. గైడు రెండోసారి చెప్పలేదు, చేయి చూపించాడంతే.

అక్కడి నుంచి దక్షిణం వైపు తిరిగి క్రిస్టల్ లగూన్. పైన కొండ అంచున 1618లో, అప్పట్లో మాల్టాను ఏలిన నైట్లు అనే క్రైస్తవ యోధులు కట్టిన శాంతా మరీజా బురుజు నిలబడి ఉంది. అక్కడ ఇరవై నిమిషాలు ఆగాం. బండ్లను తాడుతో కలిపి కట్టాక గైడు ముందు తను ముఖానికి అద్దం పెట్టుకుని దిగి చుట్టూ చూశాడు, ఊదారంగు జెల్లీ చేపలు ఉన్నాయేమోనని. లేవన్నాక మమ్మల్ని దిగమన్నాడు. కింద అడుగున ఇసుక, రాళ్లు, చేపల నీడలు అన్నీ కనబడుతున్నాయి. ఎంత లోతు అని అడిగాను. ఏడెనిమిది మీటర్లు ఉంటుందన్నాడు. అడగకపోతే బాగుండు అనిపించింది ఆ క్షణాన. మావారు దిగి చేయి చాపారు. బండి వెనుక మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాను. పొద్దున ఒడ్డున చేసినట్టే వెనక్కి వాలి వదిలేశాను. మెట్టుకు కట్టిన తాడు ఒక చేతిలో ఉంది. కొంతసేపటికి తాడు వదిలాను. మావారు ఏదో అంటున్నారు, చెవుల్లో నీళ్లు, వినబడలేదు. వినాలని కూడా అనిపించలేదు. నా ఒంట్లో భయం కోసం వెతుక్కున్నాను. లేదని చెప్పను, ఉంది, కానీ అది నన్ను బండి వైపు లాగడం లేదు. నలభై ఏళ్లు దాటాక తొలిసారి నేల లేని చోట ఒంటరిగా ఉన్నాను. కళ్ల వెంట నీళ్లు వచ్చాయి.

బ్లూ లగూన్ దగ్గరికి మేము వెళ్లలేదు. దూరం నుంచే చూపించారు. పదకొండు కూడా కాలేదు, అప్పటికే అక్కడ నీళ్ల కంటే మనుషులు, పడవలు ఎక్కువగా కనబడ్డాయి. నాకేమీ లోటనిపించలేదు.

తిరుగు దారిలో మెల్లీహా వైపు కొండ చాటుకు వచ్చాక, సెయింట్ పాల్ ద్వీపాలు కనబడే చోట, గైడు పిడికిలి ఎత్తి ఆపాడు. అక్కడ అలలు లేవు. రెండో డ్రైవర్లుగా పేరున్నవాళ్లు మారవచ్చన్నాడు. క్రీ.శ. 60 ప్రాంతంలో, ఏసు బోధలను ప్రచారం చేసిన సెయింట్ పాల్ ఎక్కిన ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చింది ఆ ద్వీపాల దగ్గరికేనని అక్కడివాళ్ల నమ్మకం. పెద్ద ద్వీపం మీద ఆయన విగ్రహం ఉంది. మావారు నీళ్లలోకి దిగారు, నేను ముందుకు జరిగాను, ఆయన వెనుక నుంచి ఎక్కారు. ఎర్ర తాడు నా జాకెట్‌కు తగిలించారు.

యాక్సిలరేటర్ మీద వేలు కొద్దిగా లాగాను. బండి దూకింది, నేను వెంటనే వదిలేశాను. ఎదురుగా గైడు బండి ఉంది, దూరం చాలానే ఉన్నా నాకది మీదికి వస్తున్నట్టే తోచింది. హ్యాండిల్ తిప్పాను. బండి తిరగలేదు. పొద్దున పైకి చెప్పించిన మాట గుర్తొచ్చి వేలు మళ్లీ కొంచెం లాగి తిప్పాను, అప్పుడు ముక్కు మెల్లగా పక్కకు మళ్లింది. అది చేతికి అర్థమైన తరువాత మిగతాదంతా తేలిక. పెద్ద వేగం వెళ్లలేదు. ముప్ఫై దాటి ఉండదు. ముందు సీటులో కూర్చుంటే అల కనబడుతుంది, దెబ్బ తగలదు, కళ్లలో నీళ్లు కూడా తక్కువ. ఒకే బండి మీద రెండు వేరు వేరు ప్రయాణాలు జరుగుతాయని నాకు తెలిసింది. ఇంటి నుంచి ఎవరితో వెళ్లినా ఆ 20 యూరోలు కట్టండి, కాసేపైనా చోట్లు మార్చుకోండి. మావారికి ఆ పది నిమిషాల్లో వెనుక సీటు ఎలా ఉంటుందో తెలిసింది. దిగాక నడుం పట్టుకుని 'ఇంతసేపు ఎలా కూర్చున్నావు?' అని అడిగారు.

ఒడ్డుకు చేరేసరికి పదకొండు నలభై. మోకాళ్లు వణుకుతున్నాయి, ఇసుకలో నాలుగడుగులు వేసి కూలబడ్డాను. బండి తనిఖీ రెండు నిమిషాల్లో అయిపోయింది. ఫోటోలకు 35 యూరోలు అడిగారు. గైడు తలకు కట్టుకున్న కెమెరాలో తీసినవి. నేను తేలుతున్నది ఒకటి ఉంది, అందుకోసమే కొన్నాం. మీ ఫోను నీళ్లలోకి తీసుకెళ్లవచ్చు గానీ వాడే వీలు ఉండదు, రెండు చేతులకూ పని ఉంటుంది.

ఒళ్లు నొప్పులు ఆ రోజు తెలియలేదు. పదమూడున పొద్దున లేవబోతే ఒళ్లంతా హూనమైపోయి ఉంది. తొడల లోపలి వైపు, ముంజేతులు, మెడ. తొడల మీద సీటు అంచు తగిలిన చోట కమిలిన మచ్చలు వారం పాటు ఉన్నాయి. మావారికి యాక్సిలరేటర్ వేలు వాచింది. పాదాల పైభాగానికి సన్‌స్క్రీన్ రాసుకోవడం ఎవరికీ తోచదు, ఇద్దరికీ అక్కడే చర్మం కాలింది. ఆ రోజు ఏ తిరుగుడూ పెట్టుకోకుండా గదిలోనే ఉండి, వేడి వేడి బఠానీ పస్తిజ్జీలు (మన పఫ్‌ల లాంటివి) తెచ్చుకుని తిన్నాం.

ఖర్చు మొత్తం: టూరు 190, రెండో డ్రైవరు 20, బీమా 18, లాకరు 5, ఫోటోలు 35. అంతా కలిపి 268 యూరోలు, మన డబ్బులో అప్పటి లెక్కన పాతికవేల దాకా. గైడుకు మేము ఇచ్చింది ఇందులో చేర్చలేదు. డిపాజిట్ అక్కడికక్కడే వదిలేశామన్నారు గానీ మా కార్డులో 300 యూరోలు తిరిగి కనబడింది సెప్టెంబర్ 20న. అన్ని రోజులు కార్డులో ఆ మేరకు డబ్బు ఉండదని లెక్క వేసుకుని వెళ్లండి, మిగతా సెలవు ఖర్చులకు ఇంకో కార్డు పెట్టుకోండి.